కొర్రమీనులు బతికే ఉన్నాయి

టేకుమట్ల
సెప్టెంబర్ 11

చిన్నాయినకు నమస్కారాలు.

ఆపరేషన్ కుట్లు మానాయని చిన్నమ్మ ఫోన్‌లో చెప్పింది. గొంతు ఇక తిరిగి రాదని డాక్టర్లు తేల్చిన సంగతి కూడా చెప్పింది. మీరు పలక పట్టుకుని ఇంట్లో అందరికీ పనులు పురమాయిస్తున్నారట. సెల్‌ఫోన్‌లో టైపు చేయడం మీకు పడదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఉద్యోగమంతా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన మనిషి మా ఇంటివైపు మీరొక్కరే.

మా కుంటలో చేపలు చచ్చిపోయాయి. మీ అల్లుడు మహీధర్ నిరుడు ఒర్రె పక్కన చెలకలో తవ్వించిన కుంట మీరు చూడలేదు కానీ విని ఉంటారు. బడిలో టీచర్ పని మానేసి దాని బాగోగులు నేనే చూసుకుంటున్నాను. దసరాకు పట్టాల్సిన చేపలు. సోమవారం పొద్దున మేత వేయడానికి పోతే నీళ్ల మీద తెల్లగా పరుచుకుని ఉన్నాయి. కొన్ని ఇంకా ప్రాణంతో ఉండి, పైకి వచ్చి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. మధ్యాహ్నానికి వాసన మొదలైంది. ట్రాక్టర్‌లో ఎత్తి, దూరంగా గుంత తీసి పూడ్చాం.

ఎవరో మందు కలిపారని ఊళ్లో అంటున్నారు. మీ అల్లుడు కూడా అదే అంటున్నాడు. నేను ఆ మధ్యాహ్నం ఒక సీసాలో కుంట నీళ్లు పట్టి దాచాను. ఏ పరీక్ష చేయిస్తే ఏం కలిసిందో తెలుస్తుంది? కరిగిపోయిన దాన్ని ఎట్లా పట్టుకోవాలో నాకు తోచడం లేదు.

అరుణ


జనగామ
సెప్టెంబర్ 17

చిరంజీవి అరుణకు,

ఉత్తరం అందింది. పలక సంగతి నిజమే. దాని మీద చోటు తక్కువ కాబట్టి అనవసరమైన మాటలు ఆగిపోయాయి. కాగితం మీద ఆ ఇబ్బంది లేదు, భరించు.

నీ సీసా నా అనుమానానికి పనికిరాదు. ఎందుకో చెబుతాను. నీళ్లలో కరిగేవాటన్నిటి గుణం ఒకటి కాదు. చక్కెర, యూరియా లాంటి గట్టి పదార్థాలు నీళ్లు వేడెక్కేకొద్దీ ఎక్కువ కరుగుతాయి. గాలి దీనికి ఎదురు. నీళ్లు చల్లగా ఉంటే ఎక్కువ కరుగుతుంది, వేడెక్కితే విడిచిపోతుంది. పొయ్యి మీద గిన్నె పెట్టినప్పుడు నీళ్లు మరగకముందే అంచులకు చిన్న బుడగలు పడతాయి, చూసే ఉంటావు. అది ఆవిరి కాదు. అప్పటిదాకా ఆ నీళ్లలో కరిగి ఉన్న గాలి. చేప బతికేది అట్లాంటి గాలి మీదే. అదైనా ఎంతో కాదు, లీటరు నీళ్లలో కరిగే ప్రాణవాయువు బరువు పది పన్నెండు చక్కెర పలుకులకు మించదు.

పగటిపూట ఎండకు నీళ్లలోని పచ్చటి నాచు ప్రాణవాయువు విడుస్తుంది. చీకటి పడ్డాక ఆ నాచే దాన్ని తిరిగి పీల్చుకుంటుంది. అందుకని కుంటలో గాలి అన్నిటికంటే తక్కువ ఉండేది తెల్లవారే ముందు. నువ్వు మధ్యాహ్నం పట్టిన నీళ్లలోకి అది మళ్లీ చేరి ఉంటుంది. లేకుండా పోయినదాన్ని సీసాలో పట్టలేం.

నాలుగు సంగతులు చెప్పు. పెద్ద చేపలు పోయాయా, పిల్లలు పోయాయా? కప్పలు, నీటి పురుగులు, మిగతా ప్రాణులు ఎట్లా ఉన్నాయి? అంతకుముందు ఎండ కాసిందా, ముసురు పట్టిందా? ఈ మధ్య ఆ నీళ్లలో మీరేం వేశారు?

ఆశీస్సులతో,
జగపతి


టేకుమట్ల
సెప్టెంబర్ 24

చిన్నాయినకు నమస్కారాలు.

పోయినవన్నీ పెద్దవి. బొచ్చెలు మొదలు పోయాయి, తర్వాత రోహులు. వేలెడు పిల్లలు చాలావరకు ఇప్పటికీ తిరుగుతున్నాయి. కప్పల అరుపు ఎప్పటిలాగే ఉంది. నీటి పురుగులు నీళ్ల మీద పరుగెత్తుతూనే ఉన్నాయి. ఒర్రె పొంగినప్పుడు ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిన కొర్రమీనులు కొన్ని ఉన్నాయి, వాటికి ఏమీ కాలేదు. అంతకుముందు నాలుగు రోజులు ముసురు. ఆకు కూడా కదల్లేదు.

ఒక సంగతి మొదటి ఉత్తరంలో రాయలేదు. మీ అల్లుడు హీర్యా మీద ఫిర్యాదు ఇచ్చాడు. హీర్యా తండా మనిషి, మా కుంటకు ఆనుకుని పత్తి వేసుకునే రైతు. అతని చిన్న బిడ్డ నా దగ్గరే చదువుకుంది. ఎండాకాలం నుంచి బర్రెలను మా కుంటలో దింపుతున్నాడని ఇద్దరికీ పడటం లేదు. ఆగస్టులో మీ అల్లుడు కర్ర పట్టుకుని వాటిని తోలితే ఒక బర్రెకు కాలు వాచింది. అప్పుడు హీర్యా నలుగురు వింటుండగా అన్నాడు, "నా బర్రెలకు లేని నీళ్లు నీ చేపలకు ఎట్లుంటయో నేను గుడ జూస్త" అని. ఇప్పుడు అందరికీ ఆ మాటే గుర్తుంది.

అతని చేను గట్టు మీద పురుగుమందు డబ్బా దొరికింది. పత్తి చేలో మందు డబ్బా లేని గట్టు ఎక్కడుందని నేనన్నాను. ఆ మాట మా ఇంట్లో ఎవరికీ రుచించలేదు. పోయిన శుక్రవారం హీర్యాను తీసుకుపోయారు. రిమాండ్‌లో ఉన్నాడు.

ఆరోగ్యం జాగ్రత్త.

అరుణ


జనగామ
సెప్టెంబర్ 30

చిరంజీవి అరుణకు,

నాలుగు అడిగితే మూడింటికి జవాబు వచ్చింది. నాలుగోది మరిచిపోయావని అనుకోను. బడి పిల్లలు కూడా రాని ప్రశ్నను ఇట్లాగే చడీచప్పుడు లేకుండా దాటేస్తారు.

పురుగుమందు కలిస్తే ముందు చిన్న ప్రాణులు పోతాయి. నీటి పురుగులు, కప్ప పిల్లలు, చేప పిల్లలు. గాలి చాలకపోతే పెద్ద చేపలు ముందు పోతాయి, వాటి అవసరం ఎక్కువ. ఇక కొర్రమీను. అది నీళ్ల పైకి వచ్చి మన మాదిరి బయటి గాలి పీల్చగలదు. కొర్రమీను బతికి బొచ్చె చచ్చిందంటే ఆ నీళ్లలో లేనిది గాలి. నేను కళ్లతో చూడలేదు కాబట్టి పదహారణాలా నిజమని అనను. పదిహేను అణాలు అంటాను.

ముసురు పడితే నాచుకు ఎండ ఉండదు, అది పగలు విడిచే ప్రాణవాయువు తగ్గుతుంది. రాత్రి పీల్చడం మాత్రం మానదు. గాలి వీచకపోతే పైనుంచి కొత్తగా కలిసేదీ తక్కువ. అయినా మామూలు కుంట నాలుగు రోజుల ముసురుకు చావదు. నాచు మరీ దట్టంగా ఉండి ఉండాలి. దానికి మేత ఎవరు పెట్టారన్నదే నా నాలుగో ప్రశ్న.

హీర్యా సంగతి నువ్వు చివర్లో, ఆరోగ్యం జాగ్రత్త అనే మాటకు ముందు రాశావు. నాకది మొదటి వాక్యంగా కనబడింది.

జగపతి


టేకుమట్ల
అక్టోబర్ 8

చిన్నాయినకు,

మీ అల్లుడు ఏదో వీడియో చూశాడు. నీళ్లు పచ్చబడితే చేపలు తొందరగా బరువెక్కుతాయని అందులో చెప్పారట. వినాయక చవితి ముందు యూరియా, దాంతోపాటు ట్రాక్టర్ నిండా కోళ్ల ఎరువు కుంటలో వేశాడు. యూరియాను డ్రమ్ములో కలిపి ఇచ్చింది నేనే. కలుపుతుంటే నీళ్లు చల్లబడి చెయ్యి జిల్లుమంది. కాసేపటికి అడుగున ఒక్క పలుకు లేదు. వారం పది రోజులకు కుంట చిక్కటి ఆకుపచ్చ రంగుకు వచ్చింది. చెయ్యి ముంచితే వేళ్లు కనబడేవి కావు. మేమిద్దరం సంతోషపడ్డాం.

మీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. మధ్యలో ఆపకుండా విన్నాడు. విన్నాక, "నాకు ఎర్కే" అన్నాడు.

చేపలు చచ్చిన రోజే మత్స్యశాఖ నుంచి పద్మలత మేడం వచ్చి చూసి పోయింది. కట్ట మీద నిలబడి ఆమె కూడా ఇదే చెప్పిందట. అప్పుడు నేను ఇంట్లో ఉన్నాను. ఆమె వచ్చేసరికే మీ అల్లుడు హీర్యా పేరు ఊరందరి ముందు అనేశాడు. తెలిసి కూడా ఫిర్యాదు ఎందుకు ఇచ్చినవని అడిగాను. "ఊరంత ఇన్నంక తప్పు నాదే అంటే, రేపు సొసైటీ ఎలక్షన్ల డైరెక్టర్‌గ నిలబడ్తే నా మాట ఎవలింటరు" అన్నాడు. బెయిలు ఎట్లాగూ వస్తుందని, కేసు దానంతట అదే సద్దుమణుగుతుందని అంటున్నాడు.

ఇది మన ఇద్దరి మధ్యే ఉండనివ్వండి చిన్నాయినా. నేను ఈ ఇంట్లో బతకాలి.

అరుణ


జనగామ
అక్టోబర్ 14

చిరంజీవి అరుణకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు ఆ ఇంట్లో బతకాలి, నిజమే. హీర్యాకు కూడా ఒక ఇల్లు ఉంది.

నాకు తెలిసింది తెలిసినట్టుగా స్టేషన్‌కు రాసి నిన్న పోస్టులో వేశాను. యూరియా మాట రాయలేదు, అది నువ్వు నన్ను నమ్మి చెప్పింది. చేపలు దేనివల్ల చచ్చి ఉంటాయో, కొర్రమీనులు ఎందుకు బతికాయో, పద్మలత గారిని అడగమనీ మాత్రమే రాశాను. నీకు తెలియకుండా చేయడం ఇష్టం లేక చెబుతున్నాను. కోపం వస్తుందని తెలుసు.

చిన్నమ్మ సకినాలు చేసి పంపుతానంటోంది.

జగపతి


టేకుమట్ల
అక్టోబర్ 23

చిన్నాయినా,

మీ ఉత్తరం నాకు అందింది. స్టేషన్‌కు కూడా అందింది. జనగామలో జగపతి గారంటే మీకేమవుతారని మీ అల్లుడిని పిలిచి అడిగారట. కుంట చూడని మనిషి ఊహ కాబట్టి ఫైల్లో పెడతామనీ, దాని మీద కేసు నిలవదు, పోదు అనీ చెప్పారట. అక్కడ అది చేసిన పని అంతే.

ఇక్కడ మాత్రం మీ అల్లుడు నేను వడ్డిస్తే తినడం మానేశాడు. తనే పెట్టుకుని తింటున్నాడు. ఇంటి సంగతులు పుట్టింటికి ఉత్తరాలు రాసే కోడలు ఏం కోడలని మా అత్తమ్మ చుట్టాల దగ్గర అంటోంది.

మీకు గొంతు పోయింది. నాకు ఉంది. అది ఉండగానే నన్ను అడగకుండా నా బదులు మీరు మాట్లాడారు. సకినాలు పంపవద్దని చిన్నమ్మకు చెప్పండి. కొన్నాళ్లు నాకు రాయకండి.

అరుణ


భూపాలపల్లి
నవంబర్ 19

చిన్నాయినకు నమస్కారాలు.

రాయవద్దన్నది నేనే, మళ్లీ రాస్తున్నదీ నేనే. ఇక్కడ నాతో బడిలో పనిచేసిన మార్తమ్మ టీచర్ ఇంట్లో నిన్నటి నుంచి ఉన్నాను.

పత్తి తీసే రోజులు కదా. హీర్యా భార్య ఒక్కతే చేనులో కనబడేది. కూలికి పిలిస్తే మా ఊరి నుంచి ఎవరూ పోలేదు. పోయిన వారం ఆమె మా వాకిట్లోకి వచ్చింది. వాయిదా కాగితం తెచ్చి తారీఖు చదివి చెప్పమంది. బిడ్డ పెళ్లై మహబూబాబాద్ పోయాక ఇంట్లో చదివేవాళ్లు లేరు. చదివి చెప్పాను. ఆమె తారీఖును పైకి ఒకసారి అనుకుని, కాగితం మడిచి నడుముకు దోపుకుంది. పోతూ పోతూ నిలబడి అడిగింది. "టీచరమ్మా, మా ఆయిన పోసిండని నువ్వు గుడ నమ్ముతున్నవా?"

కోపంగా అడగలేదు. తారీఖు అడిగినట్టే అడిగింది. నేను లేదు అన్నాను. "మరి" అంది. వాకిలి దాటి పోయింది.

ఆ సాయంత్రం మీ అల్లుడికి చెప్పాను, వాయిదా రోజు నేను భూపాలపల్లి పోతున్నానని. నిన్న పొద్దున బస్సు కోసం నిలబడితే మోటార్ సైకిల్ తెచ్చి నా ముందు ఆపాడు. ఎక్కాను. దారిలో ఒకచోట ఆపి చాయ్ ఇప్పించాడు. కోర్టు గేటు దగ్గర దింపి, "నేను లోపటికి రాను" అన్నాడు. వెనక్కి తిరిగి పోయాడు.

హీర్యా తరఫు వకీలు శ్రీపాల్ గారు నేను చెప్పిందంతా రాయించుకుని సంతకం తీసుకున్నారు. పద్మలత మేడంకు ముందే ఫోన్ చేశాను, ఆమె కూడా వచ్చింది. ఎవరైనా అడిగితే అప్పుడే రాసి ఇచ్చేదాన్నని అంది. ఫిర్యాదు చేసిన మనిషి భార్యవు, నువ్వెందుకు చెబుతున్నావని జడ్జి గారు అడిగారు. యూరియా నా చేతులతో కలిపాను సార్, అందుకని చెబుతున్నాను అన్నాను.

బెయిలు ఇచ్చారు. ఇవాళ మధ్యాహ్నం హీర్యా జైలు నుంచి బయటికి వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. నన్ను చూసి తల ఊపాడు, నా దగ్గరికి రాలేదు. భార్యను తీసుకుని బస్టాండ్ వైపు పోయాడు.

రేపు ఇంటికి పోతాను. అక్కడ ఎట్లా ఉంటుందో తెలియదు.

అరుణ


జనగామ
నవంబర్ 26

చిరంజీవి అరుణకు,

ఉత్తరం చదివి చిన్నమ్మకు కూడా ఇచ్చాను. ఆమె చదివి, కళ్లజోడు తుడుచుకుని, వంటింట్లోకి పోయింది.

నేను రాసిన నాలుగు పేజీలు చేయని పని నీ నాలుగు మాటలు చేశాయి. నా శాస్త్రం తప్పు కాదు. కానీ ఆ నీళ్లలో చెయ్యి పెట్టింది నేను కాదు. నువ్వు నా మీద కోపగించుకున్నది సబబే, అయినా ఆ ఉత్తరం రాసినందుకు నేను చింతించడం లేదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

అల్లుడు నిన్ను గేటు దాకా తెచ్చాడన్న మాట దగ్గర నేను కాసేపు ఆగాను. అతన్ని గురించి నాకున్న అభిప్రాయం అక్కడ కొంచెం కదిలింది.

ఈ మధ్య నన్ను గొంతు వ్యాయామానికి తీసుకుపోతున్నారు. అన్నవాహికలోకి గాలి మింగి, తేన్పు మాదిరి పైకి తెచ్చి, దానితో మాట పలకాలట. ఇప్పటిదాకా "ఆ" వచ్చింది. పక్కింటి కుక్క భయపడింది.

హీర్యా ఊరికి చేరాడా?

జగపతి


మహబూబాబాద్
జనవరి 8

చిన్నాయినకు నమస్కారాలు.

హీర్యా ఊరికి వచ్చాడు కానీ ఉండలేదు. మిగిలిన పత్తి తీయించి, ఇంటికి తాళం వేసి, భార్యను తీసుకుని ఇక్కడి బిడ్డ దగ్గరికి వచ్చేశాడు. కేసు మూసేస్తున్నట్టు శ్రీపాల్ గారు ఫోన్ చేస్తే, ఆ మాట నేనే చెబుదామని ఇవాళ వచ్చాను.

టౌనుకు కొంచెం దూరంలో తండా. అందరూ కలిసి మిరప ఏరుతున్నారు. నా దగ్గర చదువుకున్న బిడ్డ నన్ను చూసి మంచం వాల్చింది. హీర్యా చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. కేసు సంగతి చెప్పాను. మంచిదన్నాడు. తర్వాత, "ఇంతకు గా చేపలు ఎట్ల సచ్చినయ్?" అని అడిగాడు.

రెండు నెలలు లోపల ఉండి వచ్చిన మనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. వకీలు చెప్పలేదు. విడుదలైన రోజు నేనూ చెప్పలేదు. మీరు నాకు చెప్పినట్టే చెప్పాను. యూరియా కరగడం, నాచు పెరగడం, ముసురుకు నీళ్లలో గాలి అయిపోవడం. అతను బాగా విన్నాడు. కొర్రమీను దగ్గర అవునన్నట్టు తల ఊపాడు.

"గిదంత ఊర్ల చెప్పినవా?" అన్నాడు.

కోర్టులో చెప్పాను అన్నాను.

"కోర్టుల చెప్పినవ్, నేను ఇడుదలైన. ఊర్ల ఎవరు చెప్పలె. ఆడున్నప్పుడు ఎరువులకు పోతే దుకాణంల ఒకడు నన్ను జూసి నవ్విండు, ఏం మందు గావాలె, చేపలదా అన్నడు. అందుకే ఈడికొచ్చిన."

అన్నం తిని పొమ్మన్నారు, తిన్నాను. బస్సుకు ఇంకా టైముంది. బస్టాండ్‌లో కూర్చుని రాస్తున్నాను.

అరుణ


టేకుమట్ల
జనవరి 27

చిన్నాయినకు నమస్కారాలు.

మహబూబాబాద్ నుంచి వచ్చిన రోజే హీర్యా అన్న మాట మీ అల్లుడికి చెప్పాను. గణతంత్ర దినం నాడు గ్రామసభ ఉంటుంది కదా, అందులో లేచి నేను చెబుతానని కూడా చెప్పాను. నీ ఇష్టం అన్నాడు. ఆ తర్వాత మా మధ్య ఆ ప్రస్తావన రాలేదు. నేను వడ్డిస్తే తింటున్నాడు.

నిన్న సభలో నేను ఆడవాళ్ల వైపు కూర్చున్నాను. మీ అల్లుడు ముందు వరుసలో ఉన్నాడు. మోరీలు, వీధి దీపాలు, పింఛన్లు అన్నీ అయ్యాయి. ఇంకేమన్నా ఉందా అని సర్పంచ్ అడిగింది. నేను లేవడానికి చీర సర్దుకుంటున్నాను. అంతలో ఆయన లేచాడు.

"మా కుంటల మందు ఎవరు పోయలె. యూరియా ఎక్కువై చేపలకు గాలి అందలె. పోసింది నేను. హీర్యా మీద ఉట్టిగనే పెట్టిన."

చెప్పి కూర్చున్నాడు. పంచాయతీ సెక్రటరీ పెన్ను ఎత్తి పట్టుకుని, ఇది రాయాలా సార్ అని అడిగాడు. "రాయి" అన్నాడు మీ అల్లుడు. మా అత్తమ్మ సభ మధ్యలోనే లేచి ఇంటికి పోయింది. తిరిగి వస్తుంటే ఆయనను ఎవరూ పలకరించలేదు. సొసైటీకి నిలబడే మాట ఇక ఆయనే ఎత్తడేమో. నేను పక్కన నడిచాను. ఇంటికి వచ్చాక మంచినీళ్లు అడిగి తాగి, చేను వైపు పోయాడు.

హీర్యా బిడ్డకు ఫోన్ చేసి తండ్రికి ఇవ్వమన్నాను. జరిగింది చెప్పాను.

"ఎవరు చెప్పిండ్రు, నువ్వా?"

"కాదు, ఆయనే లేచి చెప్పిండు."

"మంచిదే. నేను ఇనలే గద" అన్నాడు. అవతల మిరపకాయల ఘాటుకు ఎవరో దగ్గుతున్నారు. "యాసంగికి రాను. వానకాలం పత్తి గింజ పెట్టేటందుకు వస్త. భూమి నాదే గద" అన్నాడు.

ఇంకేమైనా అంటాడేమోనని ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడ్డాను. ఏరవలసిన మిరప ఇంకా చాలా ఉందని చెప్పి పెట్టేశాడు.

అరుణ